వదిన చెప్పని మాట

కుట్టు గది నుంచి,
ఆదివారం, భోజనాలయ్యాక

వదినకి,

ఐదు నెలలుగా ఉత్తరం రాయనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను, కాబట్టి నీకు ఆ శ్రమ లేదు. ఫోను ఉంది కదా అంటావు. ఫోనులో నువ్వు "ఊఁ" అంటావు, నేను "ఆఁ" అంటాను, వెనక నుంచి అన్నయ్య "ఎవరూ?" అంటాడు, అంతటితో అయిపోతుంది. కాగితం మీదైతేనే నువ్వు మనిషిలా మాట్లాడతావు.

ఇక్కడి సంగతి నీ చెవిన పడే ఉంటుంది. సీసాల ఫ్యాక్టరీలో పెద్ద కొలిమి ఆర్పేశారు. నాన్న ఉన్నప్పుడు ఆ కొలిమి ఒక్క పూట కూడా ఆరలేదని ఎంత గొప్పగా చెప్పేవాడో గుర్తుందా? ఆర్పితే లోపలి గాజు గడ్డకట్టి కొలిమే పగిలిపోతుందట. అంటే మళ్లీ వెలిగించే ఉద్దేశం లేనట్టే కదా. మన సంఘంలో ముప్ఫై ఇళ్లుంటే ఇరవై రెండు ఇళ్లకి ఆ ఫ్యాక్టరీయే ఆధారం. ఇప్పటికి తొమ్మిది కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయాయి. నా కత్తెర కింద కొత్త బట్ట పడి నాలుగు నెలలైంది. అన్నీ కాలరు తిప్పి కుట్టడాలూ, పెద్దవాడి ప్యాంటు చిన్నవాడికి తగ్గించడాలూనే. కొత్త దర్జీ అయితే ఈపాటికి ఏడ్చేది. నేను పాత ముండని కాబట్టి ఈల వేసుకుంటూ కుడుతున్నాను.

ఆదివారాలు మందిరంలో పాట కూడా పైకి రావడం లేదు. మన పాస్టరు గారు ఎంత మెత్తని మనిషో నీకు తెలుసు, ఆయన గొంతు పెంచితే మైకే ఉలిక్కిపడుతుంది. అలాంటాయన ఒకరోజు లేచి, "మనం మరిచిపోతున్నాం. కష్టంలో మనిషి మొదట మరిచిపోయేది తాను దాటివచ్చిన కష్టాలనే" అన్నారు. అమ్మ మొదలుపెట్టిన జ్ఞాపకాల పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి, వారానికో పేజీ చొప్పున చదవమని నాకు అప్పగించారు. ఇన్నేళ్లూ మన అలవాటు వేరు కదా. ఏడాదికోసారి జ్ఞాపకాల ఆదివారం నాడు ఇంటికొకరు నిలబడి ఆ ఏడు దేవుడు చేసిన మేలు ఒక్క మాటలో చెప్పడం, దాన్ని నేను ఇంటికో గీత చొప్పున రాయడం, మరుసటి ఏడు మొదట ఆ పేజీ చదవడం. పాత పేజీల జోలికి ఎవరూ పోలేదు. ఇప్పుడు ముప్ఫై ఒక్క ఏళ్ల పేజీలూ తిరిగి చదువుతున్నాం.

ఆరు పేజీలయ్యాయి. జనం చెవులు రిక్కించి వింటున్నారు వదినా. మూడో ఏట ఎవరో ఇల్లాలు, "ఈ ఏడు మా ఆయన గురక తగ్గింది, దేవునికి స్తోత్రం" అని చెప్పిందట. అమ్మ ఉన్నదున్నట్టు రాసేసింది. ఆ ఆయన ముందు వరుసలోనే కూర్చుని ఉన్నాడు. నాలుగు నెలల తరువాత మందిరంలో మొదటిసారి నవ్వు వినబడింది.

పంతొమ్మిదో పేజీ జ్వరాల ఏడాదిది. ఇంకో మూడు నెలల్లో వస్తుంది. ఆ రోజు నువ్వూ అన్నయ్యా ఇక్కడ ఉంటే బాగుంటుందని నాకు అనిపిస్తోంది. మీరు ఊరు వదిలి పన్నెండేళ్లు కావస్తోంది. ఒక్క ఆదివారానికి రాలేరా?

నీ చిట్టి

*

ఆసుపత్రి బట్టల గది,
మధ్యాహ్నం విరామంలో

చిట్టీ,

నీ ఉత్తరం మీ అన్నయ్యకు చదివి వినిపించాను. గురక సంగతి విని తెగ నవ్వారు. నవ్వడానికి ఆయనకేం, వినేది నేను కదా.

ఆయన మోకాలు నొప్పి అలాగే ఉంది. నీళ్ల పంపుల దగ్గర రోజంతా నిలబడే ఉద్యోగం, డాక్టరేమో కూర్చోమంటాడు. "పంపు కూర్చుంటే నేనూ కూర్చుంటా" అంటారు. నా పని నీకు తెలిసిందే. ఉతికి వచ్చిన దుప్పట్లు మడతపెట్టడం, వార్డుల వారీగా సర్దడం, చిరిగినవి పక్కన పెట్టడం. కొత్తగా వచ్చిన అమ్మాయికి మూలలు కలిపి మడవడం ఇంకా రాలేదు. నువ్వొకసారి వచ్చి కత్తెర చూపిస్తే భయంతోనైనా నేర్చుకుంటుంది.

కొలిమి ఆరిందంటే నాకు బాధగా ఉంది. మామయ్య బతికి ఉంటే ఆ వార్త ఆయనకు చెప్పడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు. వెళ్లిపోయిన తొమ్మిది కుటుంబాలు ఎవరెవరో రాయి. ఎవరైనా మా వైపు వస్తే మా ఇంట్లో ఒక గది ఖాళీగానే ఉంది, మొహమాటపడవద్దని చెప్పు.

నన్ను రమ్మన్నావు. ఇక్కడ సెలవు దొరకడం కష్టం.

ఒకటి అడుగుతాను. ఆ పంతొమ్మిదో పేజీలో మా ఇంటి గీత మీద ఏం రాసి ఉంది? ఉన్నదున్నట్టు రాసి పంపు.

వదిన

*

కుట్టు గది నుంచి,
వాన పడుతున్న శుక్రవారం

వదినకి,

వెళ్లినవాళ్ల పేర్లన్నీ వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను. మీ గది సంగతి చెబితే పెట్టెలు చేసే వడ్రంగి భార్య నా చేతులు పట్టుకుని ఏడ్చింది. వాళ్లు మీ వైపే రావచ్చు. పిల్లలు ముగ్గురు, అల్లరి ముప్ఫై మందికి సరిపడా. ముందే చెబుతున్నాను, తరువాత నన్ననుకోవద్దు.

పదకొండో పేజీ చదివాం. అది గాలివానకి మందిరం పైకప్పు రేకులు లేచిపోయిన ఏడు. గడియారాలు బాగుచేసే పెద్దాయన, అదే మన సంఘ పెద్ద, ఆ ఏడు చెప్పిన మాట నా నోట విని తానే ఆశ్చర్యపోయాడు. "కప్పు లేని మూడు నెలలూ ఒక్క ఆదివారం కూడా వాన పడలేదు" అని ఉంది. "ఇది నేనన్నానా? నాకు గుర్తే లేదమ్మా" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. ఆ పూట అందరూ పాట గట్టిగా పాడారు.

నిప్పుల మావయ్య మాత్రం రావడం లేదు. కొలిమి దగ్గర ముప్ఫై ఏళ్లు పనిచేసిన మనిషి, కొలిమి ఆరినప్పటి నుంచి మందిరం గడప తొక్కలేదు. దారిలో కనబడితే అడిగాను. "చెప్పుకోవడానికి ఏమీ లేనివాడికి అక్కడేం పనమ్మా?" అని వెళ్లిపోయాడు.

మిషనుకి కొత్త బెల్టు వేయించాను. పాతది మూడుచోట్ల అతికినా మాట వినలేదు. వాన తగ్గితే ఈ ఉత్తరం పోస్టులో వేస్తాను.

అవును, నువ్వు అడిగావు కదా. పంతొమ్మిదో పేజీలో మీ ఇంటి గీత మీద ఇలా ఉంది: "ఈ ఏడు కూడా దేవుడు మా ఇంటికి తోడుగా ఉన్నాడు. ఆయనకే స్తోత్రం."

నీ చిట్టి

*

ఇంటి నుంచి,
సెలవు పెట్టిన రోజు

ఆడపడుచు గారికి,

మీ ఉత్తరం అందింది. పన్నెండేళ్ల క్రితం చదివినప్పుడు ఏం రాసి ఉందో ఇప్పటికీ అదే రాసి ఉందన్నమాట. అప్పుడు నేను విన్నది తప్పేమోనని ఎక్కడో ఒక చిన్న ఆశ ఉండేది.

ఆ మాట నేను అనలేదు. మీ అన్నయ్యా అనలేదు. ఆ ఆదివారం మీకు గుర్తుందో లేదో నాకు తెలియదు, నాకు మాత్రం ప్రతి బెంచీ గుర్తుంది. పాప పోయి అప్పటికి రెండు నెలలు. మా ముందు డ్రైవరు గారు లేచారు. ఆసుపత్రిలో మా పాపకి పక్క మంచం మీద అదే జ్వరంతో ఉన్న వాళ్లమ్మాయి బతికింది. దేవుడు తన బిడ్డను తిరిగి ఇచ్చాడని ఆయన చెప్పారు. అందరూ ఆమేన్ అన్నారు. తరువాతి ఇల్లు మాది. నేను లేచాను. నోరు తెరిచాను, మాట రాలేదు. కాసేపు అలాగే నిలబడి కూర్చున్నాను. అంతే జరిగింది.

మరుసటి ఏడు మీరు ఆ పేజీ చదివారు. మంచి గొంతు మీది, స్పష్టంగా చదువుతారు. మా ఆరేళ్ల పిల్ల చనిపోయిన ఏడు నేను లేచి స్తోత్రం చెప్పానని మీరు చదివితే ముప్ఫై ఇళ్లవాళ్లూ ఆమేన్ అన్నారు. మీ అన్నయ్య నా వైపు తిరిగి, "ఎప్పుడు చెప్పావు?" అని చెవిలో అడిగారు. నేను ఏడాది పాటు ఆయన ముందు ఏడ్చి, వెనక వెళ్లి మీ చెవిలో స్తోత్రం చెప్పానని ఆయన అనుకున్నారు. ఆ మాటకి నేను జవాబివ్వలేదు. మూడు వారాలకి బదిలీ పెట్టించుకోమన్నాను. మోకాలి కోసమనీ, జీతం కోసమనీ మీ అందరికీ ఏదేదో చెప్పాం.

నాకు దేవుడి మీద కోపం ఉంది. ఆ కోపంతోనే రోజూ ఆయనతో మాట్లాడుతున్నాను, ఒక్కరోజూ మానలేదు. అది నాకూ ఆయనకూ మధ్య సంగతి. మీరు మధ్యలో దూరి నా తరఫున రాజీపత్రం రాసేశారు. అది నా పుండు మీద కారం చల్లినట్టయింది. మంచి మనసుతోనే చేసి ఉంటారు, అదే నాకు ఇంకా కష్టంగా ఉంది. చెడ్డ మనసుతో చేసి ఉంటే తిట్టి మరిచిపోయేదాన్ని.

నా నోట పెట్టిన ఆ మాట తీసేయండి. అందరి ముందు చదివారు, అందరి ముందే తీయాలి. తీయలేకపోతే నాకు ఉత్తరాలు రాయకండి.

ఇట్లు,
మీ వదిన

*

కుట్టు గది నుంచి

వదినా,

రాసింది నేనే.

అమ్మకి చూపు తగ్గి పుస్తకం నా చేతికిచ్చేటప్పుడు ఒకే మాట చెప్పింది. "ఏ ఇంటి గీతా ఖాళీగా ఉంచకు, ఖాళీగా ఉంటే ఆ ఇంటిని మనం మరిచిపోయినట్టు" అంది. ఆ ఆదివారం అందరూ వెళ్లిపోయాక నేను మందిరంలో ఒక్కదాన్నే కూర్చున్నాను. పేజీ నిండా రాత, మధ్యలో మా అన్నయ్య ఇల్లు ఒక్కటే ఖాళీ. చూడలేకపోయాను వదినా. నిన్ను మరిచిపోయామని ఎవరైనా అనుకుంటారేమో అనిపించింది. నువ్వు చెప్పగలిగితే ఏమని చెప్పేదానివో ఊహించి రాశాను. నీ మనసు నాకు తెలుసనుకున్నాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నువ్వు అడగాల్సిందే.

నిన్ను ఓదార్చడానికే రాశానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. నీ ఉత్తరం చదివాక తెలిసింది, ఓదార్పు కావలసింది నాకు. నా మేనకోడలు పోయింది. దేవుడు తోడుగా ఉన్నాడని ఎవరో ఒకరు చెబితే తప్ప నాకు ఊపిరాడేలా లేదు. ఎవరూ చెప్పకపోతే నీ పేరు మీద నేనే చెప్పుకున్నాను.

నువ్వు అడిగింది అడిగినట్టు చేద్దామని మొన్న గడియారాల పెద్దాయన దగ్గరికి వెళ్లాను. బల్ల మీద ఏదో గడియారం విప్పి ఉంది, కంటికి భూతద్దం. అంతా విన్నాడు. తల పైకెత్తలేదు.

"ఇప్పుడా తల్లీ? సగం ఇళ్లలో పొయ్యి వెలగడం లేదు. ఆ పుస్తకం వినడానికే జనం వస్తున్నారు. అందులో ఒక్క మాట అబద్ధమని తెలిస్తే మిగతా మాటలు ఎవరు నమ్ముతారు?"

"నమ్మరని దాచిపెడదామా?"

"దాచమనలేదు. వచ్చే ఏడు చెప్పు. ఆ పేజీలో ఆ ఒక్క గీతా దాటేసి చదువు."

"దాటేస్తే నిజంగానే ఆ ఇంటిని మరిచిపోయినట్టు పెద్దాయనా."

"చెబితే పుస్తకం నీ చేతిలో ఉండదు. అది నేను ఆపలేను" అన్నాడు. కోపంగా అనలేదు, దిగులుగా అన్నాడు.

పాస్టరు గారిని అడిగితే ప్రార్థన చేద్దాం అన్నారు. చేశాం.

ఆ పుస్తకం అమ్మది వదినా. పదిహేనేళ్లుగా నా చేతిలో ఉంది. పెళ్లీ పిల్లలూ లేని నాకు ఈ సంఘంలో ఇదీ నా చోటు అని చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే. అది పోతుందంటే భయంగా ఉంది. ఉన్నమాట నీకు చెబుతున్నాను. కానీ ఇదంతా నీ మీద బరువుగా పెట్టడానికి కాదు.

ఎల్లుండి ఆదివారం పంతొమ్మిదో పేజీ.

చిట్టి

*

కుట్టు గది నుంచి,
మూడు వారాల తరువాత

వదినకి,

నువ్వు జవాబు రాయలేదు. రాయకపోయినా సరే, జరిగింది నీకు చెప్పాలి.

ఆ ఆదివారం లేచి పేజీ మొదటి నుంచి చదివాను. డ్రైవరు గారి గీత వచ్చింది, చదివాను. వాళ్లమ్మాయి పక్కనే కూర్చుని ఉంది. ఇప్పుడు పద్దెనిమిదేళ్లు, నర్సు చదువుకి వెళ్లబోతోంది. తరువాత మీ గీత. చదవడం ఆపి తలెత్తాను.

"ఈ గీత మీద ఒక మాట ఉంది. దాన్ని ఇన్నేళ్లూ మీరు మా వదిన తరువాత నాతో చెప్పిన మాట అనుకున్నారు. అది ఆమె చెప్పలేదు. ఆ రోజు ఆమె లేచి, ఏమీ చెప్పలేక కూర్చుంది. రాసింది నేను. మీ చేత ఆమేన్ అనిపించిందీ నేనే" అన్నాను. పెన్ను తీసి ఆ మాట మీద అడ్డంగా గీత కొట్టాను. చింపలేదు. నేను చేసిన తప్పు కూడా పుస్తకంలో కనబడాలి కదా. పక్కన, "ఇంటివాళ్లు చెప్పిన మాట కాదు" అని రాసి సంతకం పెట్టాను.

పిడుగు పడ్డట్టు ఏమీ జరగలేదు. పెద్దాయన తన చేతి గడియారం చూసుకున్నాడు. రిపేరుకి వచ్చిన గడియారమైతే ఆగిపోయి ఉండేది, అంత సేపు చూశాడు.

అప్పుడు డ్రైవరు గారు లేచారు. "నేను కూడా ఒక మాట చెప్పుకోవాలి" అన్నారు. "ఒక్క మాట చెప్పమంటే ఆ రోజు పొంగిపోయి పది మాటలు చెప్పాను. పక్క మంచం ఖాళీ అయిన సంగతి నాకు తెలుసు. ఆ తల్లి నా వెనకే కూర్చుందనీ తెలుసు. ఆ తరువాత ఆ తండ్రి దారిలో ఎదురైతే నేను అవతలి పక్కకి వెళ్లిపోయేవాణ్ణి. నా బిడ్డ బతికిందని వాళ్ల ముందు నాకు సిగ్గుగా ఉండేది." ఆయన కూర్చున్నారు. ఆయన భార్య పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆరాధన అయ్యాక పెద్దాయన చెయ్యి చాపాడు. పుస్తకం ఇచ్చేశాను. ఇంటికి వచ్చి మిషను ముందు కూర్చుని ఒక్క చొక్కాకి మూడుసార్లు తప్పు కుట్టు వేసి మూడుసార్లు విప్పాను. రెండు ఇళ్లవాళ్లు నాతో మాట్లాడడం మానేశారు. ఒకావిడైతే కుట్టడానికిచ్చిన జాకెట్టు కూడా వెనక్కి తీసుకుపోయింది. నిజం చెబితే కోపమొచ్చింది కదా, అది సగం కుట్టిన జాకెట్టు అని మాత్రం నేను చెప్పలేదు, తొడుక్కున్నప్పుడు తెలుస్తుంది.

మరుసటి ఆదివారం పెద్దాయనే చదివాడు. నత్తి నత్తిగా చదివాడు, నా అక్షరాలు చీమల బారులా ఉన్నాయట. జనం తగ్గుతారని ఆయన భయపడ్డాడు కదా, తగ్గలేదు. పెరగనూ లేదు.

మొన్న మూడో ఆదివారం, చదవడం మధ్యలో వెనక తలుపు దగ్గర ఎవరో వచ్చి నిలబడ్డారు. నిప్పుల మావయ్య. లోపలికి రాలేదు, కూర్చోలేదు. పెద్దాయన చదవడం ఆపి చూశాడు.

"పెద్దాయనా, ఆ పాప తల్లి ఆ ఏడు ఏమీ చెప్పకుండా లేచి కూర్చుందట కదా. అలా నిలబడొచ్చా? వచ్చే నెల జ్ఞాపకాల ఆదివారం నా దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు. అబద్ధం చెప్పలేను. ఊరికే నిలబడతానంటే ఒప్పుకుంటారా?"

పెద్దాయన కళ్లద్దాలు తీశాడు, తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "నిలబడు. నీ పక్కన నేను నిలబడతాను" అన్నాడు. మావయ్య లోపలికి వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు వచ్చారు, వాళ్లూ కొలిమి దగ్గర వాళ్లే. ఇన్నాళ్లూ బయట చెట్టు కింద నిలబడి పాటలు విని వెళ్లిపోతున్నారట. మనకు తెలియనే తెలియదు.

నేను చాలాసేపు ఏడ్చాను వదినా. నీ మౌనాన్ని నేను కప్పిపెట్టకుండా ఉంటే వాళ్లు బయట నిలబడాల్సిన అవసరం ఎప్పుడూ వచ్చేది కాదు.

సాయంత్రం పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. పుస్తకం మిషను మీద పెట్టాడు. "నీ చేతిరాత నాకు అర్థం కావడం లేదు. నువ్వే చదువు, నువ్వే రాయి. ఖాళీ వస్తే ఖాళీగా ఉంచు, అంతే" అన్నాడు. టీ తాగి వెళ్లాడు.

నన్ను క్షమించమని రాయడానికి ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ ఎక్కువ మాట్లాడాను. క్షమించు వదినా.

నీ చిట్టి

*

ఆసుపత్రి బట్టల గది,
దుప్పట్లు ఇంకా రాని పొద్దున

చిట్టీ,

వడ్రంగి కుటుంబం మా ఇంట్లో దిగి వారమైంది. ముప్ఫై మందికి సరిపడా అల్లరి అన్నావు, తక్కువ చెప్పావు. మీ అన్నయ్య వాళ్లకి పంపు ఎలా పనిచేస్తుందో చూపించడానికి మోకాలు మరిచిపోయి మూడుసార్లు మెట్లెక్కారు.

నీ ఉత్తరం నేనొక్కదాన్నే చదువుకుందామనుకున్నాను. చదవలేక ఆయనకిచ్చాను. ఆయన బయటికే చదివారు. నిప్పుల మావయ్య దగ్గరికి వచ్చేసరికి ఆపేశారు. తరువాత, "నువ్వు చిట్టి చెవిలో కూడా చెప్పలేదా?" అని అడిగారు. లేదన్నాను. "పన్నెండేళ్లు నేను నిన్ను తప్పుగా అనుకున్నాను" అన్నారు. నేను కూడా పన్నెండేళ్లు చెప్పకుండా ఊరుకున్నాను కదా అన్నాను. మా ఇద్దరి మధ్యా ఆ మాట ఒక్కటే ఇరుక్కుని ఉందని మాకే తెలియదు. పెళ్లైన కొత్తలో మాట్లాడుకున్నట్టు మాట్లాడుకున్నాం.

డ్రైవరు గారికి నా మాటగా ఒకటి చెప్పు. బతికిన బిడ్డ కోసం తండ్రి స్తోత్రం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? ఆయన మాట నన్ను గుచ్చింది నిజమే, కానీ ఆయన తప్పు చేయలేదు. ఆ అమ్మాయి నర్సు చదువుకి మా ఆసుపత్రికే వస్తే నేను మడిచిన దుప్పటి మీదే పడుకోబెడుతుంది రోగుల్ని. పిల్లల వార్డు దుప్పట్లు నేను ఇంకెవరికీ ఇవ్వను, నేనే మడుస్తాను. ఎందుకో నీకు చెప్పనక్కర్లేదు.

ఈ వారమంతా ఆ రెండు నెలలు గుర్తుచేసుకుంటున్నాను. పాప పోయిన రోజు వరకే నాకు గుర్తుండేది, ఆ తరువాతిదంతా తలుపు మూసినట్టు ఉండేది. ఇప్పుడు ఒక్కొక్కటే వస్తోంది. కుళాయిలు బాగుచేసే మేస్త్రీ ఉండేవాడు చూడు, మాట రానివాడిలా ఉండేవాడు. పాప పోయిన మర్నాడు మా ఇంటికి వచ్చాడు. ఏం చెప్పాలో తెలియక, "కుళాయి చూడమన్నారు" అన్నాడు. ఎవరూ చూడమనలేదు. పైగా మీ అన్నయ్యే నీళ్ల పంపుల మనిషి. ఆయన ఇంట్లో కుళాయికి మేస్త్రీ ఎందుకు? అయినా వచ్చాడు, విప్పాడు, బిగించాడు, వెళ్లాడు. పదకొండు రోజులు వచ్చాడు. పన్నెండో రోజుకి ఆ కుళాయి నిజంగానే కారడం మొదలుపెట్టింది. ఆ రోజు నేను నవ్వాను చిట్టీ. పాప పోయాక అదే మొదటిసారి.

డ్రైవరు గారి భార్య రోజూ గేటు దగ్గర గిన్నె పెట్టి పిలవకుండా వెళ్లిపోయేది. కిటికీలోంచి చూసేదాన్ని, నేనూ పిలిచేదాన్ని కాదు. నువ్వు నా పక్కన నేల మీద పడుకునేదానివి, నీ కుట్టు పని మానేసి. నా జుట్టు దువ్వేదానివి. ముప్ఫై ఇళ్లలో ఏదో ఒక ఇంటి నుంచి ఆ నెలంతా మాకు భోజనం వచ్చింది. ఎవరు వంతులు వేశారో నాకు ఇప్పటికీ తెలియదు.

దేవుడు తోడుగా ఉన్నాడా అని ఎవరైనా అడిగితే, పాప మంచం దగ్గర ఉన్నాడో లేదో నాకు తెలియదనే చెబుతాను. ఆ ప్రశ్న ఆయన్నే అడగాలి, అడుగుతూనే ఉన్నాను. ఆయన మాట తప్పాడని అనలేను, తప్పలేదని కూడా ఇవాళ అనలేను. కానీ ఆ పదకొండు రోజులు కుళాయి దగ్గర మాత్రం ఎవరో ఉన్నారు. ఆ మేస్త్రీకి అంత తెలివి లేదు.

మీకు ఇప్పుడు పొయ్యి వెలగని ఇళ్లున్నాయి కదా. అక్కడ కుళాయి బాగానే ఉన్నా సరే, ఎవరినో ఒకరిని వెళ్లి చూడమను. మాటలు రాకపోయినా పరవాలేదు.

జ్ఞాపకాల ఆదివారానికి మేము వస్తున్నాం. సెలవు దొరకదని రాశాను కదా, ఆ రోజు నేను అసలు అడగనే లేదు. నిన్న అడిగాను, ఇచ్చారు. శనివారం మధ్యాహ్నం బండికి దిగుతాం. వడ్రంగి వాళ్లూ వస్తామంటున్నారు, అందరికీ చాపలు సర్ది ఉంచు.

పంతొమ్మిదో పేజీలో నువ్వు కొట్టేసిన గీత అలాగే ఉండనీ. ఈ ఏటి పేజీలో మా ఇంటికి కొత్త గీత ఉంచు. లేచి నిలబడతాను. మాట వస్తే చెబుతాను, రాకపోతే నిప్పుల మావయ్య పక్కన నిలబడి కూర్చుంటాను. ఏదైనా నా నోటితో నేనే. నువ్వు విన్నది విన్నట్టు రాసుకో, ఒక్క అక్షరం కూడా కలపకు.

నీ వదిన